నిన్న ఆగిన చోటనే నేడు దిగవలెను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు వత్సరములుగా మన గ్రామమునకు వెలుగునిచ్చుచున్న ఈ గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము. ఇట్టి సభలో భారతమునుగూర్చియో, ప్రబంధములనుగూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గురుముఖముగా చదివినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొని, సాయంకాలము ఈ బీరువాలలోని కావ్యములను నిఘంటువు ప్రక్కన పెట్టుకొని కూడబలుకుకొన్నవాడను. కావున పండితులు చెప్పవలసిన విషయము నాకు వలదని మనవిచేసి, ఈతనుగూర్చి మాటలాడుదునంటిని. వారు నవ్విరి. తమరును నవ్వుచున్నారు. గట్టుమీద నిలిచి చెప్పుటకు ఈత యేమి విద్యయని తమ భావము. ఆ మాట నిజమే. ఆ నిజమే నన్ను ఈ వేదికమీదికి తెచ్చినది.

మన భాషలో ఈతకుగల గౌరవమును ముందుగా మనవిచేసెదను. సంసారభారము మోయు గృహస్థుని కుశలమడిగినచో "ఏదో ఈదుకొస్తున్నామండీ" యనును. లోకమునకు వ్యతిరేకముగా నడచువానిని "ఏటికి ఎదురీదుచున్నాడు" అందుము. సంస్కృతమున దాటుట యను అర్థముగల ఒక్క ధాతువునుండి తరణము, తరించుట, తీర్థము, అవతారము అను మాటలన్నియు పుట్టినవి. తరించుట యనగా మొదట దాటుటయే. ముక్తినొందుట యను అర్థము దానినుండి వచ్చినది. తీర్థమనగా నీటిలోనికి దిగుటకు వీలైన రేవు. అవతరించుట యనగా క్రిందికి దిగుట. దేవుడైనను ముందు దిగవలసినదే. దాటుట తరువాతి మాట.

నేను చెప్పదలచినది ఈ గట్టునుండి ఆ గట్టునకు ఈదు ఈత కాదు. నది వెంట దినముల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఈదుకొనిపోవు మహాసంతరణము. మనుష్యుడు నిదురింపక తీరదు. కావున ప్రతిదినము కొన్ని గంటలు ఈది, చీకటిపడు వేళకు నీటినుండి లేచి, భుజించి పరుండి, మరునాడు మరల దిగును. ఇందులో ఒక నియమము గలదు. నిన్న ఎచ్చట నీటినుండి లేచెనో నేడు అచ్చటనే దిగవలెను. ఒక్క గజమైనను ముందునకు జరుగరాదు. ప్రక్కన వచ్చు పడవలోనివారు ఆ చోటును గుర్తించి వ్రాసికొందురు.

ఈ నియమమును చదివినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. ఇది మా లెక్కలవారి నియమము! నిన్నటి ఆఖరు నిలువ యెంతయో నేటి ప్రారంభపు నిలువ అంతయే. ఒక్క పైస ఎక్కువ వ్రాసినను ఆ పుస్తకమంతయు అబద్ధమగును.

మరియొక నియమము. ఈదుచున్నంతసేపు పడవను పట్టుకొనరాదు. ఆకలియైనచో పడవలోనివారు పాత్రను త్రాటికి కట్టియో, కఱ్ఱ చివరనుంచియో అందింతురు. ఈదువాడు నీటిలోనే తేలుచు త్రాగవలెను. దీనిని చదువుచుండగా నాకు సుందరకాండలోని మైనాకుడు జ్ఞప్తికి వచ్చెను. నూరు యోజనముల సముద్రమును లంఘించు హనుమంతునకు విశ్రాంతినొసగుటకై సముద్రుడు మైనాకపర్వతమును పైకి లేవుమనెను. హనుమంతుడు దానిని చేతితో తాకి, మర్యాద చెల్లించి, నిలువక సాగిపోయెను. సింహికను జయించుట బలమునకు సంబంధించిన పని. మైనాకునివద్ద ఆగకుండుట నిగ్రహమునకు సంబంధించిన పని. దూరపు ఈతగానికి శత్రువుకంటె ప్రక్కనేయున్న పడవయే పెద్ద పరీక్ష.

ఈ విద్యలో లోకప్రసిద్ధుడు స్లొవేనియా దేశస్థుడగు మార్టిన్ స్ట్రెల్. ఆయన గిటారు వాద్యము నేర్పు ఉపాధ్యాయుడు, చూచుటకు స్థూలకాయుడు. 2000లో జర్మనీ అడవులలో పుట్టి పది దేశములను తాకుచు నల్లసముద్రమును చేరు డాన్యూబు నదిని 3,004 కిలోమీటర్లు 58 దినములలో ఈదెను. 2002లో అమెరికాలోని మిసిసిపీ నదిని 3,797 కిలోమీటర్లు 68 దినములలోను, 2004లో చైనాలోని యాంగ్‌ట్సీ నదిని 4,003 కిలోమీటర్లు 51 దినములలోను ఈదెను. 2007 ఫిబ్రవరి 1న పెరూ దేశమందలి అటలాయా పట్టణమువద్ద అమెజాన్ నదిలో దిగి, ఏప్రిల్ 7 నాటికి బ్రెజిల్ దేశపు బెలేమ్ నగరమును చేరెను. 66 దినములు, 5,268 కిలోమీటర్లు. మన కృష్ణ పుట్టినచోటునుండి సముద్రము వరకు సుమారు 1,400 కిలోమీటర్లు. ఆ లెక్కన కృష్ణ పొడవునకు మూడున్నర రెట్లకంటె ఎక్కువ. పిరాన్యా యను మాంసభక్షక మత్స్యములు మీదికి వచ్చినచో వానిని ప్రక్కకు మరల్చుటకై పడవలో రక్తపు బాల్చీలు సిద్ధముగా నుంచుకొనిరట! ఎండకు ముఖము కాలిపోగా గుడ్డ ముసుగు తొడిగికొని ఈదెను. ఆఖరు గట్టున రక్తపుపోటు మిక్కుటమై తనంత నిలువలేక చక్రాల కుర్చీలో కూర్చుండెను. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరములు.

ఇక మా వృత్తిధర్మము ననుసరించి ఈ లెక్కను తనిఖీ చేయుదము. అమెజాన్‌లో సగటున దినమునకు సుమారు 80 కిలోమీటర్లు. మనుష్యుడు నిలువనీటిలో సాధారణముగా గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు ఈదును. తక్కినది యెవరు ఈదిరి? నది ఈదినది! నిండుగా పారు మహానది తనలో దిగినవానిని తనతో మోసికొనిపోవును. ఇందువలన ఆయన ఘనత తగ్గదు. రెండు నెలలకు పైగా అట్టి నీటిలో ప్రాణము నిలుపుకొనుట సామాన్యము కాదు. అయినను బాహువుల పద్దు వేరు, ప్రవాహపు పద్దు వేరు. వానిని కలిపి వ్రాసినచో డాన్యూబు ఈదినవాడు మందుడనియు, అమెజాన్ ఈదినవాడు వేగవంతుడనియు భ్రమ కలుగును. ఇద్దరును ఒక్కడే గదా!

లెక్కలోని నిజాయితీకి మరియొక ఉదాహరణము గలదు. ఇంగ్లండు ఈతగాడగు లూయిస్ ప్యూ 2006లో థేమ్సు నదిని 21 దినములలో సాంతము దాటెను. ఆ వేసవి అనావృష్టివలన నది తలవద్ద నీరు లేదు. నీరు లేని ఆ భాగమును ఆయన పరుగెత్తి దాటెను. పరుగెత్తితిననియే చెప్పెను గాని ఈదితినని చెప్పలేదు. అదే మహాశయుడు 2023లో అమెరికాలోని హడ్సన్ నదిని సుమారు 507 కిలోమీటర్లు 32 దినములలో ఈదెను. నదులు శుభ్రముగా నుండవలెనని లోకమునకు చాటుట ఆయన ఉద్దేశము. నదిలో మునిగి, ఆ నీరు నోటబడిన వానికంటె దాని కాలుష్యమునకు మంచి సాక్షి యెవడు?

మన దేశమువారి మాట. 1958లో మిహిర్ సేన్ ఇంగ్లీషు చానలును ఈదిన తొలి భారతీయుడు. మరుసటి వత్సరము 1959లో ఆరతీ సాహా అదే చానలును ఈదిన తొలి ఆసియా మహిళ యయ్యెను. వంగదేశమున ముర్షిదాబాదు జిల్లాలో భాగీరథీ నదిమీద జంగీపూరునుండి బహరంపూరు వరకు 81 కిలోమీటర్ల ఈత పందెము చిరకాలముగా జరుగుచున్నది. గట్టు పొడవునను జనులు తిరునాళ్ళకు వలె నిలిచి చూతురు. మన వీరమ్మతల్లి తిరునాళ్ళకు వచ్చు జనమును ఊహించుకొనుడు.

తెలుగువారిలో ఈ దినముల తరబడి ఈతకు ప్రసిద్ధిగన్నవారు సామర్లకోట ఆడపడుచు శ్రీమతి గోలి శ్యామలగారు. నలుబది యేండ్లు దాటిన పిమ్మట ఈత నేర్చినారు. 2021 మార్చిలో సింహళమునుండి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదినారు. 2024 డిసెంబరు 28న విశాఖపట్టణమున సముద్రములో దిగి, దినమునకు ముప్పది కిలోమీటర్ల వరకు ఈదుచు, సుమారు 150 కిలోమీటర్లు సాగి, 2025 జనవరి 3న కాకినాడ తీరమున లేచినారు. అప్పటికి వారి వయస్సును 52 సంవత్సరములే. అమెజాన్‌లో 80, ఇచ్చట 30 యని ఎవరైన తేలికగా చూచినచో, పై పద్దును జ్ఞాపకము చేసికొనవలెను. సముద్రము నదివలె ఒక్క దిక్కునకే మోసికొనిపోదు. అనుకూలించినపుడు అనుకూలించును, అడ్డగించినపుడు అడ్డగించును.

మన కృష్ణను ఇట్లు ఈదవచ్చునా యని కొందరు యువకులు నన్నడిగిరి. ఒక్క బిగిని ఈదుటకు వీలు లేదు. ఆల్మట్టి, నారాయణపురము, జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల, చివరకు మన ప్రకాశము బ్యారేజి. ఇన్ని చోట్ల నీటినుండి లేచి ఒడ్డున నడచి మరల దిగవలెను. నడచిన దూరమును వేరుగా వ్రాసికొనవలెను. బ్యారేజికి దిగువన వేసవిలో ఇసుకతిన్నెలు. వరదలో మనుష్యమాత్రుడు నిలువరాని ఉద్ధృతి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహమును మనము కన్నులార చూచితిమి. కాబట్టి యువకులారా, ఆ సాహసమునకు ముందు మన పుల్లేరు కాలువను చూడుడు. నా అసలు మాట అచ్చటనున్నది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు మన బ్రతుకయినవి. మన అన్నము ఆ నీటిదే. మన ఊరిలో ఏ యిల్లును నీటికి పిలుపుదూరము దాటి లేదు. అయినను మన పిల్లలలో ఈత వచ్చినవారు ఎందరు? మా తాతల కాలమున సొరబుర్రయో, మునగబెండ్లో, అరటిబోదెయో కట్టి పిల్లలను కాలువలోనికి దింపెడివారు. పంపులు వచ్చినవి, రేవుకు పోవుట తగ్గినది, ఈతయు తగ్గినది. కాలువ మాత్రము తగ్గలేదు.

ఇపుడొక సంగతి చెప్పవలెను. నా పదునొకండవ యేట బడినుండి వచ్చుచు నేనును, నా తోడి పిల్లవాడును కాలువ గట్టున ఆగితిమి. వాని పలక జారి నీటిలో పడెను. అందుకొనబోయి వాడును జారెను. నాకు ఈత రాదు, వానికిని రాదు. నేను గట్టున నిలిచి కేకలు వేసితిని. పొలములోనివారు పరుగెత్తుకొని వచ్చునప్పటికి ఆలస్యమయ్యెను. వాని తమ్ముడు ఈ సభలో నున్నారు. వారి అనుమతి పొందియే చెప్పుచున్నాను. ఆ నాటినుండి మా అమ్మ నన్ను నీటి దరికి పోనీయలేదు. నలుబదిమూడేండ్లు నేనును పోలేదు. పుష్కరములలో సైతము మెట్లమీద కూర్చుండి చెంబుతో నీరు పోసికొన్నవాడను.

నన్నింతకాలము బాధించినది దూకలేదను చింత. ఈ గ్రంథాలయమున ప్రమాదరక్షణనుగూర్చిన చిన్న పుస్తకమును చదివిన తరువాత నా చింత మారినది. ఈత రానివాడు దూకినచో మునుగువారు ఇద్దరగుదురు. మునుగువాడు దొరికినదానిని బిగియబట్టును. ఈత వచ్చినవానిని సైతము క్రిందికి లాగును. కావున దూకరాదు. గట్టున బోరగిలపడుకొని గడయో, తువ్వాలో అందింపవలెను. దూరముగా నున్నచో త్రాడును, తేలెడు వస్తువును విసరవలెను. ఆ దినమున గట్టుమీద ఎవరో ఉతికి ఆరవేసిన చీర యొకటి నాకు నాలుగడుగుల దూరములో నున్నది. దాని యంచు రంగు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఆ చీరను విసరవలెనని నాకెవ్వరును చెప్పియుండలేదు. నాకు లేనిది ధైర్యము కాదు, తెలివిడి.

లోకమున 2021లో నీట మునిగి మరణించినవారు సుమారు 3 లక్షలమంది యనియు, వారిలో నాలుగవవంతు అయిదేండ్లలోపు పసివారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చినది. మన దేశమునందే ఏటేట ముప్పదివేలకు మించి పోవుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25వ తేదీని ఈ మరణముల నివారణకై కేటాయించినది. ఇవి పెద్ద అంకెలు. నాకు మాత్రము అన్నింటికంటె పెద్ద అంకె ఒకటి.

2025 జనవరిలో ఒక సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లమీద దినపత్రిక తిరగవేయుచు శ్యామలగారి సంగతి చదివితిని. నలుబది దాటిన తరువాత నేర్చినవారు నూటయేబది కిలోమీటర్లు ఈదినారు. ఏబదినాలుగేండ్ల నేను నడుము లోతు నీటిలో నిలువలేనా యని సిగ్గుపడితిని. కాలువ లస్కరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దాయనను ఆశ్రయించితిని. ఆయన నా నడుమునకు త్రాడు కట్టి, మరియొకరిని తోడు నిలిపి, చెఱువు మెట్లవద్ద నన్ను దింపినారు. నేను చేతులు కాళ్ళు విదిలించి నీరు త్రాగితిని. ఆయన నవ్వి, "అయ్యగారూ, నీళ్ళతో పోట్లాడకండి. నీళ్ళమీద పడుకోండి, అవే మోస్తాయి" అనినారు. ఏ శాస్త్రమునందును నాకు ఇంత స్పష్టమైన వాక్యము కనబడలేదు.

నా అలవాటు చొప్పున ఒక చిన్న పుస్తకము పెట్టితిని. మొదటి ఆరు దినములు బారలు సున్న. ఏడవ నాడు రెండు. త్రాడు లాగగా సాగిన బారను వ్రాసికొనవచ్చునా యని మనస్సు ఊగులాడినది, వ్రాయలేదు. ముప్పదవ నాడు పదకొండు. నేటికి నలుబది. ఈ వేగమున కృష్ణ నీదుటకు మరియొక జన్మమెత్తవలెను. అయినను నిలువ సున్న కాదు. ప్రతిదినము నిన్న ఆగిన చోటనే దిగుచున్నాను. నలుబదిమూడేండ్ల క్రిందట ఆగినచోటు కూడ అదియే.

సభ్యులారా! పుస్తకములకును నీటికిని ఏమి సంబంధమని అడుగవచ్చును. 1935లో కృష్ణకు ఆవలి గట్టున పెదపాలెమునుండి పాతూరి నాగభూషణముగారి పూనికతో పుస్తకములు పడవనెక్కి కాలువ వెంట ఊరూర తిరిగినవి. మన గ్రంథాలయోద్యమము నీటిమీద నడచిన ఉద్యమము. ఆ ఋణమును తీర్చు దారి నాకొకటి తోచుచున్నది.

రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి మూడు మనవులు. మొదటిది, మన ఊరి ప్రతి రేవులోను ఒక పొడవైన త్రాటిని, మూత బిగించిన ఖాళీ డబ్బాను, ఒక వెదురుగడను ఉంచవలెను. వానిని ఎవ్వరును మరియొక పనికి వాడరాదు. మొదటి రేవు ఖర్చు నాది. రెండవది, ఏటేట వేసవి సెలవులలో మన చెఱువు మెట్లవద్ద, పెద్దల కనుసన్నలలో, నడుమునకు త్రాడు కట్టి బాలురకును బాలికలకును ఈత నేర్పవలెను. బాలికల కెందుకనువారు ఆరతీ సాహాను, శ్యామలగారిని తలచుకొందురు గాక. తల్లిదండ్రులు వెంట లేనిదే ఏ బిడ్డయు నీట దిగరాదు. పారెడు కాలువలో నేర్పరాదు. మూడవది, పుస్తకములు ఇచ్చి పుచ్చుకొను రిజిస్టరు ప్రక్కన మరియొక రిజిస్టరు తెరువవలెను. అందులో ప్రతి బిడ్డ పేరును, ఎన్ని బారలు వేసినదియు వ్రాయవలెను. ఆ లెక్క నేను వ్రాసెదను. సున్న వచ్చిన నాడు సున్నయే వ్రాసెదను.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును ఈదించుకొని వచ్చినవారు పడవను పట్టుకొనలేదు. చందాలు రాని నెలలలోను తలుపు తీసినారు. నేటి ఉత్సవము గట్టు కాదు; ఈ రాత్రికి విశ్రాంతి మాత్రమే. రేపు ఉదయము ఇచ్చటనే, ఆగిన చోటనే, మరల దిగవలెను.